ఆర్‌వో నీళ్ళు తాగితే రక్తకణాలు పగిలిపోతాయా?

మా బాబాయి ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన ఫార్వర్డ్ ఇది. ఈపాటికి మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. సారాంశం ఇంతే: ఆర్‌వో నీళ్ళలో లవణాలు ఉండవు కాబట్టి అవి తాగితే ద్రవాభిసరణ వల్ల నీరు రక్తకణాల్లోకి చొరబడి, కణాలు ఉబ్బి పగిలిపోతాయి. రుజువు కావాలంటే రాత్రి కిస్‌మిస్‌లను ఆర్‌వో నీళ్ళలో నానబెట్టి చూడండి. పైగా ఇవి ‘ఆకలిగొన్న నీళ్ళు’, ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తాయి. విరుగుడు: ప్రతి గ్లాసులో అర చెంచా సైంధవ లవణం కలుపుకుని తాగండి.

దీన్ని పుకారని ఒక్కమాటలో కొట్టిపారేయలేం. ద్రవాభిసరణ ఉన్నదే. పల్చని పొరకు రెండు పక్కలా ద్రావణాలుంటే, ఉప్పో చక్కెరో ఎక్కువున్న వైపుకు నీరు నడుస్తుంది. మాగాయ పెట్టే ఇంట్లో దీన్ని విడిగా పాఠం చెప్పక్కర్లేదు. మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకి ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి. ఆ నీళ్ళు మనం పోసినవి కావు, ముక్కల కణాల్లోంచి ఉప్పు బయటికి లాగినవి. అలాగే ఎర్ర రక్తకణాన్ని ఉత్త నీటిలో వేస్తే ఉబ్బి పగులుతుందన్నదీ నిజమే. ఫార్వర్డ్ రాసినాయన ఇక్కడిదాకా సరిగ్గానే వచ్చాడు. తప్పిందల్లా లెక్క దగ్గర.

మన రక్తం గాఢత సుమారుగా లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపినంత. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ అదే, 0.9 శాతం. మిల్లీగ్రాముల్లో చెబితే లీటరుకు 9000. ఇప్పుడు తాగునీటి సంగతి చూడండి. ఆర్‌వో మెషీన్ నీళ్ళ టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 50 అనుకుందాం. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రకారం మంచి తాగునీటికి పరిమితి 500, వేరే దిక్కు లేనిచోట 2000 దాకా ఒప్పుకుంటారు. ఎర్ర రక్తకణాలు ద్రావణం గాఢత 0.5 శాతానికి, అంటే 5000కి దిగేసరికే పగలడం మొదలుపెడతాయి. ఆ లెక్కన 50 ఏమిటి, 500 ఏమిటి, 2000 ఏమిటి, అన్నీ కణాన్ని పగలగొట్టే నీళ్ళే. కృష్ణా నీళ్ళు, గోదావరి నీళ్ళు, మన తాతలు తాగిన ఊరబావి నీళ్ళు కూడా. తాగిన నీళ్ళకే రక్తకణాలు పగిలేటట్టయితే ఆర్‌వో మెషీన్ పుట్టేదాకా మనుషులు బతికి ఉండేవాళ్ళు కాదు.

మరి ఎందుకు పగలవు? తాగిన నీళ్ళు నేరుగా రక్తంలో పడవు కాబట్టి. లాలాజలం, జఠరరసం, పిత్తం, పేగుల స్రావాలు కలిపి రోజుకు సుమారు 7 లీటర్ల ఉప్పగా ఉండే ద్రవాన్ని జీర్ణమార్గంలోకి మన ఒళ్ళే వదులుతుంది. మీరు తాగిన గ్లాసుడు వాటిలో కలిసి, చిన్నపేగు గోడ గుండా కొద్దికొద్దిగా లోపలికి వెళ్తుంది. 60 కిలోల మనిషిలో 35 లీటర్ల పైచిలుకు నీరుంటుంది. అందులో 200 మిల్లీలీటర్లు కలిస్తే తేడా అర శాతం చిల్లర. మెదడులోని హైపోథాలమస్ ఒక శాతం మార్పు వచ్చినా పసిగట్టి కిడ్నీలకు కబురు పెడుతుంది, అదనపు నీరు మూత్రంలో పోతుంది. ఫార్వర్డ్‌లో పేగులూ లేవు, కిడ్నీలూ లేవు. గాజు పలక మీద ఒక కణం, పైన ఒక నీటిచుక్క, అంతే.

ఉత్త నీరు నిజంగా ప్రమాదమయ్యే సందర్భాలు రెండున్నాయి. ఒకటి, నేరుగా నరంలోకి ఎక్కిస్తే. అందుకే సెలైనో డెక్స్‌ట్రోజో ఎక్కిస్తారు గానీ ఉత్త నీరు ఎక్కించరు. రెండోది, కిడ్నీలు పారబోయలేనంత వేగంగా లీటర్లకు లీటర్లు తాగేస్తే. అప్పుడు రక్తంలో సోడియం పడిపోయి, మెదడు కణాలు ఉబ్బి ప్రాణం మీదికొస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువ ఉంది. పరుగులో మూడు లీటర్లకు మించి తాగడానికీ దీనికీ సంబంధం కనిపించింది. తాగింది నీళ్ళా, లవణాలున్న స్పోర్ట్స్ డ్రింకా అన్నదానికి మాత్రం సంబంధం కనిపించలేదు. ఆర్‌వో వాడేవాళ్ళు కాదు, పందెం వేసి బిందెలు ఖాళీ చేసేవాళ్ళు భయపడాలి.

కిస్‌మిస్ పరీక్ష నేనూ చేశాను. ఒక గ్లాసులో ఆర్‌వో నీళ్ళు, ఇంకోదాంట్లో కుళాయి నీళ్ళు, రెంటిలో పదేసి కిస్‌మిస్‌లు. పొద్దున్నే ఏది ఏదో తేల్చుకోలేక గ్లాసు అడుగున పెన్నుతో పెట్టిన గుర్తు చూడాల్సి వచ్చింది. రెండింటిలోనూ బుగ్గలు పూరించుకుని కూర్చున్నాయి.

ఎముకల మాటకొస్తే, ద్రవాభిసరణలో పొర దాటేది నీరు. కాల్షియం కాదు. ఎముకలోంచి కాల్షియం ఎప్పుడు, ఎంత రావాలో చూసేది పారాథైరాయిడ్ హార్మోను వంటివి, మంచినీళ్ళ క్యాను కాదు. అయితే ఆర్‌వో వల్ల నీటిలోని కాల్షియం, మెగ్నీషియం పోతాయన్నది వాస్తవమే. తిండి సరిగ్గా లేనివాళ్ళకు ఆ లోటు లెక్కలోకి వస్తుంది. దానికి జవాబు పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు. (లవణాలన్నీ తీసేసిన ఈ నీళ్ళను ఊళ్ళలో ‘మినరల్ వాటర్’ అంటాం, అదో తమాషా.) టీడీఎస్ ముందే తక్కువున్న కుళాయి నీళ్ళకు ఆర్‌వో దండగ, సగానికి పైగా నీళ్ళు డ్రైనేజీలో పోతాయి కూడా. కానీ ఈ ఫార్వర్డ్ చదివి నల్గొండ జిల్లాలో ఎవరైనా ఫిల్టర్ మానేసి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళకు మళ్ళితే? ఎముకలకు అసలు ముప్పు అక్కడుంది. ఆ ప్రాంతం దశాబ్దాల పాటు దాన్ని అనుభవించింది.

ఇక విరుగుడు. అర చెంచా ఉప్పంటే దాదాపు 3 గ్రాములు. 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే 1.5 శాతం, రక్తం కన్నా గాఢం. వాళ్ళ సిద్ధాంతం ప్రకారమే చూసినా ఇప్పుడు నీరు కణాల్లోంచి బయటికి రావాలి, మాగాయ ముక్కలోంచి వచ్చినట్టు! ఓఆర్‌ఎస్ తయారీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో గాఢతను లీటరుకు 311 మిల్లీఆస్మోల్‌ల (ద్రవాభిసరణ గాఢతను కొలిచే ప్రమాణం) నుంచి 245కి తగ్గించింది. అది రక్తం గాఢత (సుమారు 290) కన్నా తక్కువ. విరేచనాలతో నీరసించిన పసిపిల్లలకు పట్టేది ఆ నీళ్ళనే. ఇదే సంస్థ పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలంటుంది. ఫార్వర్డ్ చెప్పినట్టు రెండు గ్లాసులు తాగితేనే 6 గ్రాములు. సైంధవ లవణమైనా అందులో ఎక్కువ భాగం సోడియం క్లోరైడే.

ఈ లెక్క గ్రూపులో పెట్టే ముందు బాబాయికి ఫోన్ చేశాను. ఆయన నెల రోజులుగా బీపీ మాత్ర ఆ ఉప్పునీళ్ళతోనే వేసుకుంటున్నారట.