నానబెట్టిన నీళ్లతో పిండి పోదు: బంగాళాదుంప కూర మీద తిరుగుతున్న సందేశానికి జవాబు

“బంగాళాదుంప ముక్కలను రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే చక్కెర మొత్తం పోతుంది, చల్లార్చితే మిగిలింది పీచుగా మారుతుంది, ఎర్రగా వేయిస్తే అదీ కాలిపోతుంది, కాబట్టి షుగరు ఉన్నవారు ఎంతైనా తినవచ్చు” అనే సందేశం మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో, విజయవాడ నుంచి గుంటూరు దాకా, చేతులు మారుతూనే ఉంది. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పెద్దమ్మ దాన్ని నమ్మి, అలా నానబెట్టి చేసిన వేపుడును గిన్నెడు వడ్డించుకుని, ఎప్పుడూ తినేదానికంటే ఎక్కువ అన్నంలో కలుపుకున్నారు. రెండు గంటల తరువాత మీటరులో 274 కనిపించేసరికి కంగారుపడి నాకు ఫోను చేశారు.

మొదటి మాటలోనే పొరపాటు ఉంది. బంగాళాదుంపతో మనకు వచ్చే చిక్కు చక్కెరతో కాదు, పిండితో. 100 గ్రాముల పచ్చి దుంపలో దాదాపు 80 శాతం నీరే. పిండిపదార్థాలు సుమారు 17 గ్రాములు ఉంటే, వాటిలో చక్కెర ఒక గ్రాముకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. మిగిలిన పిండి సన్నని రేణువులుగా దుంప కణాల లోపల ఉంటుంది కనుక, కత్తి తెగ్గోసిన కణాల నుంచి తప్ప నీళ్లలోకి రాదు. పావుకిలో దుంపలు ముక్కలు చేసి నేనే ఒక రాత్రి స్టీలు గిన్నెలో నానబెట్టి చూశాను. పొద్దున నీళ్లు నెమ్మదిగా వంపితే అడుగున తెల్లని మడ్డి పేరుకుని ఉంది. దాన్ని ఆరబెట్టి ఎత్తితే చిన్న చెంచా కూడా నిండలేదు. ఆ పావుకిలోలో 40 గ్రాములకు పైగా పిండిపదార్థాలు ఉంటాయని గుర్తుంచుకుంటే, నీళ్లతో పోయింది ఎంతో తెలుస్తుంది. పిండి పోకపోగా, నీళ్లలో కరిగే విటమిన్ సి కొంత, పొటాషియం కొంత పోతాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం తగ్గించడం కోసం దుంపలను నానబెట్టి, ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చమని చెప్పడం ఉంది; అది ఆ జబ్బుకు చెప్పిన మాట, షుగరుకు కాదు.

చల్లార్చడం గురించి చెప్పిన దానిలో కొంత నిజముంది. ఉడికినప్పుడు ఉబ్బిన పిండిలో కొంత భాగం చల్లారేటప్పుడు మళ్లీ గట్టిపడి, చిన్నపేగులో అరగని రూపానికి వస్తుంది, తిరిగి వేడిచేసినా అందులో కొంత నిలుస్తుంది. పొద్దున ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టిన దుంపను మధ్యాహ్నం పోపు వేసుకోవడం అందుకే మంచి పద్ధతి. అయితే అలా మారేది కొద్ది భాగమే. మిగిలిన పిండి అంతా గ్లూకోజుగానే రక్తంలోకి చేరుతుంది.

ఎర్రగా వేయిస్తే పిండి కాలిపోదు. నీరు ఆవిరైపోయి అదే పిండి చిన్న ముక్కలోకి చిక్కబడుతుంది. పైగా ఒక పెద్ద చెంచా నూనెకు దాదాపు 120 కేలరీలు తోడవుతాయి.

సందేశం అసలు ముట్టుకోని విషయం మన కంచం. మన ఇళ్లలో ఈ కూరను అన్నంలోనే కలుపుకుంటాం, అంటే పిండిలో పిండి కలుపుకుంటాం. కూర తేలిక కావాలంటే దుంప తగ్గాలి, దానితోపాటు అన్నమూ తగ్గాలి. ఇద్దరికి నేను చేసే కొలత ఇది: 120 గ్రాముల దుంప ఒకటి, పావుకిలో చిక్కుడుకాయలు. దుంపను తొక్కతోనే ఉడికించి, చల్లార్చి, పెద్ద ముక్కలు చేస్తాను. చిక్కుడుకాయలను ఈనెలు తీసి, తుంచి, ఆవిరి మీద మెత్తబడనిస్తాను. అడుగు మందంగా ఉన్న మూకుడులో రెండు చిన్న చెంచాల నూనె వేసి, ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర, కరివేపాకు వేగాక అల్లం పచ్చిమిర్చి ముద్ద వేసి, ఆ వాసన రాగానే రెండూ కలిపి మూత పెడతాను. అడుగంటుతుంటే నూనె పోయకుండా నీళ్లు చిలకరించాలి. దించిన తరువాతే నిమ్మరసం పిండాలి, పొయ్యి మీద పిండితే చేదెక్కుతుంది. ఒక్కొక్కరికి వచ్చే 60 గ్రాముల దుంపలో 10 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి కనుక, ఆ పూట చిన్న గుప్పెడు అన్నం తగ్గించుకుంటే లెక్క సరిపోతుంది. ఇన్సులిన్ తీసుకునేవారు మాత్రం అన్నం బాగా తగ్గించే ముందు తమ డాక్టరుతో మాట్లాడాలి, లేకపోతే షుగరు మరీ పడిపోవచ్చు.

మా పెద్దమ్మ మొన్న ఈ కూరనే అన్నం తగ్గించి తిన్నారు. మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు 171 వచ్చింది. ఒక్క రీడింగుతో ఏదీ తేలదు కనుక, ఇంకో మూడుసార్లు చేసుకుని, తిన్న కొలతతో సహా క్యాలెండరు మీద రాసి ఉంచమన్నాను.