ఆయిల్ కూలర్ జోలికి పోవద్దు

రేస్ కారు ఇంజిన్‌లో తిరిగే ఇరుసును, అంటే క్రాంకును, మోసే బేరింగ్ అరిగి పట్టేస్తే ఇంజిన్ ఒక్కటి బాగుచేస్తే చాలదని, ఆయిల్ ట్యాంకు విప్పి కడగాలని, హోస్ పైపులు మార్చాలని, ఇంజిన్ నూనెను చల్లబరిచే ఆయిల్ కూలర్‌ను ఏకంగా పారేసి కొత్తది కొనాలని కొందరు కుర్రవాళ్లు ఈ మధ్య తిరుపతి షెడ్లలో ప్రచారం చేస్తున్నారు. ఈ ధోరణిని మొగ్గలోనే తుంచకపోతే రేణిగుంట రోడ్డు మొదలు చిత్తూరు దాకా లేత్ మిషన్లను, ఇంజిన్ బోరింగ్ పనిని నమ్ముకున్న కుటుంబాలు ఏమైపోవాలి? ఒకసారి కట్టిన ఇంజిన్ సీజనంతా తిరిగితే రెండోసారి కట్టే అవకాశం ఎవరికి దక్కుతుంది?

అసలు వేగానికి కళ్లెం వేయడం మన ఊరికి కొత్త కాదు. తిరుమల ఘాట్ రోడ్డులో ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలన్నది నిబంధన. అంతకంటే ముందే చేరితే జరిమానా. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద అలాంటి సదుపాయం లేదు కాబట్టి, ఆ బాధ్యతను పాత బేరింగ్ రజనుతో కొత్త ఇంజిన్‌నూ ఆపేసే మన మురికి కూలర్లు జీతం బత్తెం లేకుండా నిర్వహిస్తున్నాయి.

ఒక షెడ్డులో ఈ శుద్ధి కార్యక్రమాన్ని దగ్గరుండి చూసే భాగ్యం కలిగింది. కుర్రవాడు నీళ్ల బాటిల్‌తో కూలర్‌లోకి డీజిల్ పోసి, రెండు చేతులతో కుదిపి, కంప్రెషర్ గాలి కొట్టాడు. గోడ మీద నల్లటి చారలు పడ్డాయి. కింద పెట్టిన ప్లాస్టిక్ టబ్బులో వేలు ముంచి చూస్తే వేలికొస వెండి పూత పూసినట్టు తళతళలాడింది. "వచ్చేసింది సార్, ఇంగేం లేదు" అన్నాడతను. మళ్లీ పోస్తే మళ్లీ అదే తళతళ. ఆ పైన టీ రావడంతో కూలర్ శుభ్రమైనట్టు తీర్మానం జరిగిపోయింది.

నూనె త్వరగా చల్లారడానికి కూలర్ సన్నని దారుల్లో రేకుల మడతలు పెడతారని, అరిగిన బేరింగ్ రజను ఆ మడతల్లోనే ఇరుక్కుంటుందని, చల్లని డీజిల్‌కు కదలని ఆ రజను ట్రాక్ మీద వేడి నూనె ఒత్తిడితో ప్రవహించేటప్పుడు మాత్రం బయలుదేరుతుందని ఆ కుర్రవాళ్ల వాదన. క్రాంకుకూ బేరింగుకూ మధ్య నూనె పొర నిలిచే సందు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, అంటే సుమారు 0.05 మి.మీ. మాత్రమే అని కూడా వారు భయపెడుతున్నారు. పాత ఇంజిన్ తన యావదాస్తిని కొత్త ఇంజిన్‌కు రాసిచ్చిపోతుంటే మధ్యలో వీరి అభ్యంతరమేమిటి?

అయస్కాంతానికి ఏమీ అంటుకోలేదు కనుక నూనెలో లోహం లేదనే మన శాస్త్రీయ పరీక్షనూ వీరు వదల్లేదు. బేరింగ్ పైపొరలోని సీసం, తగరం, రాగి, అల్యూమినియం వంటివి అయస్కాంతానికి అంటుకోవట. ఫిల్టరును కోసి, మడతలు విప్పి, వెలుతురులో చూడాలట. ఫిల్టర్ ఉండగా బెంగ ఎందుకంటే, అది మూసుకుపోయినా, తెల్లవారుజామున నూనె చిక్కగా ఉన్నా బైపాస్ వాల్వు తెరుచుకుని వడకట్టని నూనెనే లోపలికి వదులుతుందంటారు. బనియన్ వేస్టుతో ట్యాంకు తుడిచినా తప్పేనట, పోగులు ఊడి నూనె దారులకు అడ్డం పడతాయట. మరి అలిపిరిలో వాహన పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తెచ్చిన కారుకు ఇన్ని అనుమానాలా!

వీరి చివరి కోరిక మరీ విడ్డూరం. కొత్తగా కట్టిన ఇంజిన్‌ను వెంటనే స్టార్ట్ చేయకుండా, స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తో ఊరికే తిప్పాలంటున్నారు. అంతసేపు గేజి ముల్లు వంక చూస్తూ నిలబడే ఓపిక ఉన్నవారు రేసులకు ఎందుకు వస్తారో అర్థం కాదు. కావాలంటే ప్రెషర్ లేదని హెచ్చరించే ఆయిల్ లైటుకు వెళ్లే వైరు పీకేస్తే సరిపోతుంది. ఆ పనికి మన షెడ్లలో ఎవరూ డబ్బులు కూడా అడగరు.