సవరణ: ఆల్చిప్పల క్యాన్సర్ గురించి రాసిన రెండు మాటలు తప్పు

పోయిన ఆదివారం పోస్టులో "ఈ ఆల్చిప్పల్లో పీ53 జన్యువు చెడిపోతుంది, దానికి వైరస్ కారణం" అని రాశాను. రెండూ తప్పే. (పీ53 అంటే కణాలు క్యాన్సర్‌గా మారకుండా కాపలా కాసే ప్రోటీను, దాన్ని తయారుచేసే జన్యువుకూ అదే పేరు.) చదివినవాళ్లు మన్నించాలి.

అమెరికా, కెనడా అట్లాంటిక్ తీరపు బురదలో బతికే మయా అరెనేరియా అనే ఆల్చిప్పకు రక్తక్యాన్సర్‌లాంటి జబ్బు వస్తుంది. ఆ కణాల్లో పీ53 ప్రోటీను తయారవుతూనే ఉంటుంది. మోర్టాలిన్ అనే ఇంకో ప్రోటీను దాన్ని పట్టుకుని, అది పనిచేయాల్సిన కేంద్రకంలోకి పోనివ్వదు. అంటే కాపలా మనిషి బాగానే ఉన్నాడు, వాకిట్లో కట్టేశారంతే. ఇది చిన్న తేడా కాదు. మోర్టాలిన్‌ను అడ్డుకునే మందు వేస్తే పీ53 కేంద్రకంలోకి చేరడం ప్రయోగశాలలో చూశారు. మనుషుల్లోనూ కొన్ని క్యాన్సర్లలో ఇలాంటి బంధనమే ఉంది కాబట్టే శాస్త్రవేత్తలు ఆల్చిప్ప వెంటపడ్డారు.

ఇక వైరస్ సంగతి. ఆల్చిప్ప డీఎన్‌ఏలో తన నకళ్లు తానే పెంచుకునే 'స్టీమర్' అనే ముక్క ఉంది, దాన్నే నేను వైరస్ అనుకున్నాను. 2015లో శాస్త్రవేత్తలు మెట్జ్‌గర్, గాఫ్‌ల బృందం తేల్చింది వేరు: ఒక ఆల్చిప్ప నుంచి ఇంకోదానికి పాకేది క్యాన్సర్ కణమే.

నా పోస్టు చూసి మా కర్నూలులో ఒకరు తుంగభద్ర ఇసుకలో పిల్లలు ఏరుకొచ్చిన చిప్పలు పారేయించారట. అవి మంచినీటి జాతులు. పైగా సముద్రపు ఆల్చిప్పల క్యాన్సర్ మనుషులకు సోకిన దాఖలా లేదు. పిల్లల్ని ఏరుకోనివ్వండి.