లియర్ రాజు గొంగడి కప్పుకుంటే

మొన్న ఇక్కడ మన తెలుగువాళ్ల ఉగాది సంబరాల్లో పిల్లలు షేక్‌స్పియర్ నాటకం 'కింగ్ లియర్'ను, అంటే కూతుళ్లకు రాజ్యం పంచి కష్టాల పాలైన లియర్ రాజు కథను, ఓరుగల్లు యాసలో ఒగ్గుకథగా (డోలు, తాళాలతో కథ చెప్పే తెలంగాణ జానపద కళ) ఆడారు. చచ్చిపోయిన చిన్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని రాజు "లే బిడ్డా, ఒక్కపారి కండ్లు తెరువు" అని ఏడుస్తుంటే హాల్లో నవ్వులు. భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి "షేక్‌స్పియర్‌ను ఖూనీ చేశారు" అని తేల్చేశారు.

ఖూనీ అంటే, అది మొదట ఇంగ్లండ్‌లోనే జరిగింది. నేహమ్ టేట్ అనే కవి 1681లో ముగింపు మార్చి చిన్న కూతురిని బతికించాడు, పెళ్లి కూడా కుదిర్చాడు. సుమారు 150 ఏళ్లు అక్కడ ఎక్కువగా ఆడింది ఆ సుఖాంతమే. మన దర్శకుడు కె.వి. రెడ్డి 1949లో ఇదే రాజును, ముగ్గురు కూతుళ్లను 'గుణసుందరి కథ' సినిమాలోకి తెచ్చి, మహేంద్రమణి అనే మణి కోసం అల్లుళ్లను అడవులు పట్టిస్తే, జనం మన జానపదమే అనుకుని చూశారు. 2006లో హిందీ సినిమా 'ఓంకార' షేక్‌స్పియర్‌దే అయిన 'ఒథెల్లో' నాటకాన్ని ఉత్తరప్రదేశ్ మోటు యాసలో మాట్లాడిస్తే మనమే మెచ్చుకున్నాం. ఓరుగల్లు యాస దగ్గరికి వచ్చేసరికి ఏమైంది?

పరకాల దగ్గర మా ఊళ్లో బీరప్ప పండుగకు ఒగ్గుకథ రాత్రంతా నడిచేది. ఒకే మనిషి గొంగడి నెత్తిన వేసుకుంటే ముసలవ్వ, భుజాన వేసుకుంటే రాజు. డోలు గట్టిగా మోగితే వాన, యుద్ధం, ఏదైనా కళ్ల ముందుకు వచ్చేది. (కల్లు ఎక్కువై కొట్లాటలూ అయ్యేవి, అది వేరే కథ.) బిడ్డను అత్తారింటికి సాగనంపే ఘట్టం వస్తే మా అమ్మ కొంగు తడిసిపోయేది. ఆ ఏడుపు కూడా ఈ యాసలోనే ఉండేది.

కథ మనది కాదంటారా? రాజ్యం పంచేశాక నూరుమంది భటులతో నెలకో కూతురి ఇంట్లో ఉంటానంటాడు లియర్. మా ఊళ్లో భూమి పంచిన ముసలోళ్లు కొడుకుల దగ్గర వంతుల మీద తినుడు ఇదే. మనం అమ్మానాన్నలను ఆరు నెలలు ఇక్కడికి రప్పించి, వీసా గడువు చూసి విమానం ఎక్కించడం మాత్రం వేరా? పెద్ద కూతురు "ఇంతమందికి వండుడు నాతోని కాదు నాయినా" అన్నప్పుడు నా పక్కన కూర్చున్న పెద్దావిడ తల దించుకుంది.

లోపాలు లేవనను. నాటకంలో ఇంకో తండ్రి గ్లాస్టర్ కథ మొత్తం ఎత్తేశారు, విదూషకుడు లేడు, నాకూ వెలితిగానే అనిపించింది. అయితే చిన్న కూతురు తండ్రిని పొగడకుండా ఊరుకున్న చోట డోలు, తాళాలు టక్కున ఆపేశారు. అంతవరకు ఆగకుండా మోగినవి ఆగేసరికి నాకు గుండె జల్లుమంది.

ఆ నవ్వుకు పిల్లల తప్పేం లేదు. ఏళ్ల తరబడి సినిమాల్లో మన యాస రౌడీకో, కమెడియన్‌కో మాత్రమే దక్కింది. 2023లో 'బలగం' వచ్చి అదే యాసలో ఊళ్లకు ఊళ్లను ఏడిపించింది. అలవాటు మారుతుంది, అవకాశం ఇస్తే.

కమిటీ వారికి ఒక్కటే మనవి. సినిమా డాన్సుకూ లక్కీ డ్రాకూ మధ్య ఇరికించకుండా, ఈ పిల్లలకు ఒక సాయంత్రం మొత్తం ఇవ్వండి. గ్లాస్టర్‌ను కూడా వెనక్కి తెస్తారు. ఖర్చు మా వరంగల్ వాళ్లం చూసుకుంటాం. వేసవికి వచ్చే అమ్మానాన్నలు తిరిగి వెళ్లకముందే తేదీ ఖాయం చేయండి.