చనిపోయిన చేప ఏ శాఖకు చెందుతుంది?

ఆరోగ్యం, రసాయన శాస్త్రం, పర్యావరణం అనే మూడింటినీ కలిపి ఒక కొత్త పరిశోధన కేంద్రాన్ని ప్రారంభిస్తున్నామని ప్రకటించని విశ్వవిద్యాలయం ఈ రోజుల్లో అరుదు. శిలాఫలకం మీద మూడు శాఖల పేర్లూ ఉంటాయి, ప్రారంభోత్సవం ఫొటోలో ముగ్గురు శాఖాధిపతులూ పక్కపక్కనే నిలబడతారు. ఆ మరునాటి నుంచి ఎవరి ల్యాబ్‌కు వారు వెళ్లిపోతారు, ఎవరి పత్రికలకు వారు వ్యాసాలు పంపుకుంటారు, ఎవరి సెలక్షన్ కమిటీ ముందు వారు ప్రమోషన్ ఇంటర్వ్యూకు కూర్చుంటారు. ఆ ముగ్గురి మీదా నాకు ఫిర్యాదు లేదు. మనుషులనూ పశుపక్ష్యాదులనూ చంపుతున్న రసాయనాలను కనిపెట్టడానికి ఎలాంటి పని కావాలో సరిగ్గా అదే పనికి విలువ లేకుండా విశ్వవిద్యాలయాలు తమ లెక్కలను కట్టుకున్నాయన్నదే నా ఫిర్యాదు. ఇది కాస్త పెద్ద పోస్టే అవుతుంది, ఓపిక ఉన్నవారు చదవగలరు.

అమెరికా వాయవ్య తీరంలో, సియాటిల్ పరిసరాల వాగుల్లోకి గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి తిరిగివచ్చే కోహో సాల్మన్ చేపలు, వాన పడిన కొద్ది గంటలకే, గుడ్లు పెట్టకముందే, నోళ్లు తెరుచుకుని, తూలిపోతూ, గుండ్రంగా తిరుగుతూ చనిపోవడం చాలా ఏళ్లపాటు ఎవరికీ అంతుపట్టలేదు. వాగుల్ని బాగుచేసి, చేపలు మళ్లీ రావడానికి వీలు కల్పించిన తరువాతే ఈ చావులు కళ్లబడ్డాయి. నీటిలో ఆక్సిజన్ తగ్గిందా అని చూశారు, వేడి పెరిగిందా అని చూశారు, పురుగుమందులు, లోహాలు, జబ్బులు ఉన్నాయా అని చూశారు, ఒక్కటీ సరిపోలేదు. రోడ్ల మీద నుంచి కొట్టుకొచ్చే వాననీటిలోనే ఏదో ఉందని తెలిశాక, టైరు రబ్బరును పొడిచేసి నానబెట్టిన నీటిలో చేపపిల్లలను వదిలితే అవీ అలాగే చనిపోయాయి. అయితే ఆ నీటిలో ఉన్నది ఒకటో రెండో రసాయనాలు కావు, రెండు వేలకు పైగా ఉన్నాయి.

అక్కడి నుంచి వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయాల బృందం చేసిన పనిని నేను ఎంతమందికి చెప్పినా నాకు తనివి తీరదు. నానబెట్టిన నీటిని భాగాలుగా విడదీయడం, ప్రతి భాగాన్నీ చేపల మీద పరీక్షించడం, చంపిన భాగాన్ని మళ్లీ విడదీయడం, మళ్లీ చేపల దగ్గరకు వెళ్లడం. విడదీసేది రసాయన శాస్త్రవేత్త, చేప చనిపోయిందో లేదో చెప్పేది జీవశాస్త్రవేత్త. ఒకరు ఆగితే రెండోవారు ముందుకు కదలలేరు. చివరకు మిగిలిన పదార్థంలో 18 కార్బన్‌లు, 22 హైడ్రోజన్‌లు, 2 నైట్రోజన్‌లు, 2 ఆక్సిజన్‌లు ఉన్నాయని అణువుల బరువును కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ చెప్పింది. టైర్లలో వాడే రసాయనాల జాబితాల్లో ఎక్కడా అది లేదు. లేకపోవడానికి కారణం, దాన్ని ఎవరూ టైరులో కలపలేదు. రబ్బరు పగుళ్లివ్వకుండా దశాబ్దాలుగా కలుపుతూ వచ్చిన 6పీపీడీ అనే పదార్థం గాలిలోని ఓజోన్‌తో కలిసి తనంతట తానుగా 6పీపీడీ-క్వినోన్‌గా మారుతోంది. ఓజోన్ తాకిడికి తాను బలై రబ్బరును కాపాడడమే 6పీపీడీ పని కాబట్టి, అది తన పని సక్రమంగా చేసినందువల్లే ఈ విషం పుట్టింది. 2020 చివర్లో ఈ ఫలితం వెలువడింది.

నాకు అంతకంటే ఎక్కువ నచ్చింది ఆ తరువాత జరిగింది. మొదటి వ్యాసంలో, లీటరు నీటిలో సుమారు 0.8 మైక్రోగ్రాములు ఉంటే సగం చేపలు చనిపోతాయని లెక్కగట్టారు. పోల్చి కొలవడానికి ఆ రసాయనపు శుద్ధమైన ప్రమాణ నమూనా మార్కెట్లోకి వచ్చాక అదే బృందం మళ్లీ కొలిచి, అసలు సంఖ్య 0.095 మైక్రోగ్రాములేనని, అంటే తాము చెప్పినదానికంటే అది ఎనిమిది రెట్లు ఎక్కువ విషపూరితమని 2022లో సవరించి ప్రకటించింది. కొత్త అణువు లేదు, కొత్త సిద్ధాంతం లేదు, ఉన్నదాన్ని మరింత జాగ్రత్తగా కొలవడమే. ఇలాంటి సవరణకు ఒక సగటు సెలక్షన్ కమిటీ ఎన్ని మార్కులు వేస్తుందో, ఆ కమిటీల ముందు ఎప్పుడైనా కూర్చున్నవారికి చెప్పనవసరం లేదు.

ఇప్పుడు శీర్షికలోని ప్రశ్నకు వస్తాను. ఆ చేప చావుతో మొదలైన పరిశోధన ఏ శాఖది? చేపల శాఖ వారికి మాస్ స్పెక్ట్రోమీటర్ ఉండదు. రసాయన శాస్త్ర శాఖలో ఒక స్కాలర్ ‘వాన పడితే చేపలు ఎందుకు చస్తున్నాయి’ అన్న ప్రశ్నతో గైడ్ దగ్గరకు వెళితే, ఇందులో కెమిస్ట్రీ ఏముందని అడుగుతారు. పర్యావరణ శాఖ వారు నీటిలో ఏముండాలో ముందే రాసి ఉన్న జాబితా ప్రకారం కొలిచి, అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయని నివేదిక ఇస్తారు. ముగ్గురూ తమ తమ పని తప్పులేకుండా చేసినట్టే, చేపలు మాత్రం చస్తూనే ఉంటాయి.

ఈ కథ మనుషులకు జరిగినప్పుడు ఎలా ఉంటుందో జపాన్‌లోని మినమాటాలో చూశాం. 1956 మే నెలలో, కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పి, మాట తడబడుతున్న పిల్లలను చూసిన చిస్సో అనే రసాయనాల కంపెనీ ఆసుపత్రి వైద్యులు ఒక గుర్తుతెలియని నాడీ వ్యాధి గురించి అధికారులకు తెలిపారు. కుమమోటో విశ్వవిద్యాలయం వైద్య బృందం రంగంలోకి దిగింది. సముద్రపు చేపలు తిన్నవారికే ఇది వస్తోందని త్వరలోనే తేలింది గానీ, ఏ విషం అన్న దగ్గర మాంగనీస్, సెలీనియం, థాలియం అంటూ మూడేళ్లు గడిచాయి. సమాధానం అప్పటికే అచ్చయి ఉంది. సేంద్రియ పాదరసాన్ని, అంటే కార్బన్‌తో కలిసి ఉన్న పాదరసాన్ని తయారుచేసే ఇంగ్లండ్ ఫ్యాక్టరీలోని కార్మికులకు పట్టిన ఇలాంటి జబ్బును 1940లోనే హంటర్, బామ్‌ఫర్డ్, రస్సెల్ అనే వైద్యులు వర్ణించారు. కుమమోటో పాథాలజిస్టులు తాము చూసిన మెదళ్లను ఆ వర్ణనతో పోల్చుకున్నాక, 1959లో సేంద్రియ పాదరసమే కారణమని ప్రకటించారు.

అక్కడ రసాయన శాస్త్రం అడ్డుపడింది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, రసాయన శాస్త్రాన్ని అడ్డుపెట్టారు. తాము ఎసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారీలో ఉత్ప్రేరకంగా వాడేది అకర్బన పాదరసమే కాబట్టి ఆ జబ్బుకూ తమకూ సంబంధం లేదని కంపెనీ వాదించింది. కారణం వేరే ఏదో అయి ఉంటుందని చెప్పే ప్రొఫెసర్లు కూడా దొరికారు. కంపెనీ ఆసుపత్రి అధిపతి హొసొకావా హజిమే అదే 1959లో ఫ్యాక్టరీ వ్యర్థ జలాన్ని ఆహారంలో కలిపి ఒక పిల్లికి పెట్టగా దానికీ ఆ జబ్బే వచ్చింది. ఆ ఫలితాన్ని కంపెనీ బయటకు రానివ్వలేదు. వైద్యులకు జబ్బు తెలుసు గానీ, ఫ్యాక్టరీ గొట్టాల లోపల ఏం జరుగుతుందో తెలియదు. అది తెలిసిన రసాయన శాస్త్రవేత్తలు ఎక్కువగా ఫ్యాక్టరీ గోడ లోపలే ఉన్నారు. ఎసిటాల్డిహైడ్ తయారయ్యే క్రమంలోనే మిథైల్ మెర్క్యురీ అనే సేంద్రియ పాదరసం పుడుతోందని, ఆ యంత్రాల మడ్డిలో నుంచే దాన్ని వేరుచేసి కుమమోటో పరిశోధకులు నిరూపించేసరికి మరికొన్ని సంవత్సరాలు గడిచాయి. ప్రభుత్వం ఆ విషయాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1968లో, అదీ ఆ కంపెనీ ఆ పద్ధతిలో ఎసిటాల్డిహైడ్ తయారీని తనంతట తానే మానుకున్న తరువాత. వైద్య కళాశాల బృందంలో పారిశ్రామిక రసాయన శాస్త్రం తెలిసినవారు మొదటి రోజు నుంచీ కూర్చుని ఉంటే 1968 దాకా ఆగవలసి వచ్చేదా అన్న ప్రశ్న నన్ను వదలదు. డబ్బు, అధికారం అడ్డుపడేవే, కాదనను. అయితే ఆ రెండూ దాక్కోవడానికి చోటిచ్చింది రెండు శాస్త్రాల మధ్య ఉన్న ఖాళీయే.

‘నిధులు సంబంధిత పరిశ్రమ నుంచి వచ్చినంత మాత్రాన ఫలితం మారదు కదా’ అని వాదించే మిత్రులు సీసం చరిత్రను ఒకసారి తిరగేయాలి. పెట్రోలులో సీసం కలపడం 1920లలో మొదలైంది. దాని భద్రత గురించి తరువాతి నాలుగు దశాబ్దాలు అధికార స్వరంగా చెలామణీ అయినవాడు సిన్సినాటి విశ్వవిద్యాలయంలోని రాబర్ట్ కెహో. ఆయన ప్రయోగశాల నడిచింది ఆ సీసాన్ని తయారుచేసి అమ్ముతున్న కంపెనీల డబ్బుతో. మనిషి శరీరంలో కొంత సీసం ఉండడం సహజమేనని, రక్తంలో డెసిలీటరుకు 80 మైక్రోగ్రాముల దాకా భయం లేదని ఆయన బోధించాడు. ఇవాళ అమెరికాలో పిల్లల రక్తంలో 3.5 మైక్రోగ్రాములు కనిపిస్తేనే జాగ్రత్త పడమంటున్నారు.

కెహోను కదిలించినవాడు వైద్యుడు కాదు. క్లెయిర్ ప్యాటర్సన్ అనే భూరసాయన శాస్త్రవేత్త ఉల్కలోని సీసం ఐసోటోపులను కొలిచి, భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలని 1956లో తేల్చాడు. ఆ కొలతలు కుదరాలంటే ముందు తన ల్యాబ్‌లోని సీసాన్ని వదిలించుకోవలసి వచ్చింది: గాలిలో సీసం, నీటిలో సీసం, ఆమ్లాల్లో సీసం, గాజు పాత్రల్లో, చివరకు తన తలవెంట్రుకల్లో సీసం. నమూనా ఏదీ వేయని ఖాళీ కొలతలో, ల్యాబ్ వాళ్లు బ్లాంక్ అనేదానిలో, సీసం ఎందుకు కనిపిస్తోందని ఆయన ఏళ్ల తరబడి వెంటపడ్డాడు. చాలామంది బ్లాంక్ విలువను నమూనా విలువలోంచి తీసివేసి ముందుకు పోతారు. ఆయన అక్కడే ఆగి, ఈ సీసం ఎక్కడిదని అడిగాడు. సముద్రం లోతుల్లోకంటే పైనీటిలో సీసం చాలా ఎక్కువగా ఉండడం, గ్రీన్‌లాండ్ మంచు పొరల్లో కొత్తవాటిలో సీసం పెరుగుతూ రావడం తరువాతి కొలతల్లో తేలాయి. ‘అందరిలోనూ ఉన్నది’ వేరు, ‘సహజంగా ఉండవలసినది’ వేరు అని 1965లో ఆయన ఒక వ్యాసం రాశాడు. సీసం మీద ఈ పని మొదలుపెట్టాక పెట్రోలియం పరిశ్రమ నిధులు ఆగిపోయాయి. 1971లో అమెరికా జాతీయ పరిశోధన మండలి గాలిలోని సీసంపై వేసిన నిపుణుల సంఘంలో ఆయనకు చోటు దొరకలేదు. వాహనాల పెట్రోలులో సీసం ప్రపంచమంతటా ఆగిపోయింది 2021లో, చివరి దేశం అల్జీరియా.

ప్యాటర్సన్ ఇవాళ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. మూడేళ్ల గ్రాంటులో మొదటి రెండేళ్లు గది తుడవడానికే సరిపోయాయని వార్షిక నివేదికలో రాయవలసి వచ్చేది. ఏడాదికి ఇన్ని వ్యాసాలు, వ్యాసానికి ఇంత ఇంపాక్ట్ ఫ్యాక్టర్, రచయితల వరుసలో మొదటి పేరుకు ఇన్ని మార్కులు, మధ్య పేరుకు ఇన్ని అనే పట్టికలో ‘శుభ్రమైన బ్లాంక్’ అనే గడి ఉండదు. పలువురు శాస్త్రవేత్తలు కలిసి చేసిన పనిలో మధ్య పేరుకు సగం మార్కులు కూడా రానప్పుడు, చేపలు చూసేవారు కెమిస్ట్ దగ్గరకు ఎందుకు వెళతారు? పరికరాలు కొనడానికి డబ్బు దొరుకుతుంది, ఎందుకంటే పరికరానికి రిబ్బన్ కట్ చేయవచ్చు. దాన్ని పదేళ్లు నమ్మకంగా నడిపే టెక్నీషియన్ జీతానికి మాత్రం ఏ పథకంలోనూ పద్దు కనిపించదు. ఆ టెక్నీషియన్ కాంట్రాక్టు ముగిసిన రోజునే ఆ యంత్రం ఇచ్చే అంకెల మీద నమ్మకం కూడా ముగుస్తుంది.

నమూనాల భద్రత గురించి ఒక్క మాట. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ బృందం బడిపిల్లల ఊడిన పాలపళ్లను సేకరించి, వాటిలోని సీసాన్ని కొలిచి, పైకి ఏ జబ్బూ కనిపించని పిల్లల్లో కూడా తెలివితేటల పరీక్షల్లో తేడా ఉందని చూపింది. రక్తం నిన్నమొన్నటి సంగతే చెబుతుంది, పన్ను ఏళ్ల లెక్క దాచి ఉంచుతుంది. ప్రాజెక్టు ముగియగానే ఫ్రీజర్ ఖాళీ చేయమని నోటీసు పంపే సంస్థలు ఆ తేడాను ఎప్పుడు గ్రహిస్తాయో తెలియదు.

సమాధానం దొరికిన తరువాత కూడా ఈ పని ముగియదు, అక్కడే విశ్వవిద్యాలయాలు మరీ తొందరగా చేతులు దులుపుకుంటాయి. ఒక రసాయనాన్ని నిషేధించగానే దాని స్థానంలో దాని చుట్టమే వస్తుంది. ప్లాస్టిక్‌లో వాడే బిస్ఫినాల్-ఎ లేదని లేబుల్ వేసిన వస్తువుల్లోకి బిస్ఫినాల్-ఎస్ వచ్చింది. ఓజోన్ పొరను కాపాడడానికి ఫ్రిజ్‌లు, ఏసీల్లో వాడే సీఎఫ్‌సీ వాయువుల బదులు తెచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు భూతాపాన్ని పెంచుతున్నాయని, వాటిని తగ్గించడానికి 2016లో కిగాలీలో మరో ఒప్పందం అవసరమైంది. 6పీపీడీకి బదులుగా టైరులో ఏం కలపాలన్న వెతుకులాట ఇప్పుడు నడుస్తోంది. టైరు పేలకూడదన్న షరతును ఎవరూ మరిచిపోరు, ఎందుకంటే దానికి ఒక శాఖ ఉంది.

రాబందుల విషయంలో ఈ పని సరిగ్గానూ, తప్పుగానూ రెండు రకాలుగా జరిగింది. దక్షిణాసియాలో రాబందులు కోట్ల సంఖ్యలో చనిపోతున్నప్పుడు ఏదో వైరస్ అనుకుంటూ కొన్నేళ్లు గడిపారు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ ఆ కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలను పాడుచేస్తోందని 2004లో తేలింది. 2006లో పశువైద్యంలో దాన్ని భారత్, పాకిస్తాన్, నేపాల్ నిషేధించాయి. బదులుగా మెలాక్సికామ్ అనే మరో నొప్పి మందును సూచించే ముందు దాన్ని రాబందులకే ఇచ్చి, వాటికి హాని లేదని పరీక్షించి చూశారు. అది సరిగ్గా చేసిన పని. మార్కెట్లో మాత్రం ఎసిక్లోఫెనాక్ అనే ఇంకో నొప్పి మందు కూడా అందుబాటులోనే ఉండిపోయింది. దాని నిర్మాణం కాగితం మీద గీసి చూపిస్తే, అందులో డైక్లోఫెనాక్ ఎక్కడుందో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ విద్యార్థి వేలు పెట్టి చూపించగలడు, పశువు శరీరంలో అది డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. భారతదేశంలో పశువులకు దాని వాడకాన్ని నిషేధించింది 2023లో.