తిరుపతిలో జాగ్రత్త కొండెక్కింది

తిరుమల కొండ ఎక్కే ముందు అలిపిరి టోల్‌గేట్ దగ్గర తనిఖీ అయ్యాక చేతికి ఒక రసీదు ఇస్తారు, చాలామంది దాన్ని చూడకుండానే డ్యాష్‌బోర్డు మీద పడేస్తారు. దాని మీద టైం ఉంటుంది. పైకి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు. అంతకంటే ముందే అవతలి గేటు దగ్గర తేలితే స్పీడుగా వచ్చినట్టు లెక్క, సంజాయిషీ చెప్పుకోవాలి. తెలివైనవాళ్లు కొందరు మలుపుల్లో దూకించేసి, చివర్లో బండి పక్కన పెట్టి, ఫోటోలు దిగి టైం గడిపి వెళ్తారు. వాళ్లను చూసి నవ్వుకుంటాం గానీ ఒకటి గమనించండి, అంత స్పీడుగా వచ్చి వాళ్లు సంపాదించింది సున్నా. ముందెళ్లినా లాభం లేదని ఒకసారి అర్థమయ్యాక రెండోసారి అంత తొందర ఎవరికీ ఉండదు.

ఇదేదో మన దేవస్థానం వాళ్ల పాతకాలం పద్ధతి అనుకునేవాణ్ణి. కాదు. ఇటలీ వాళ్లు తమ మోటార్‌వేల మీద 2005లో ఇదే పని కెమెరాలతో మొదలుపెట్టారు. ఒక చోట నంబర్ ప్లేటు ఫోటో, కొన్ని కిలోమీటర్ల తర్వాత ఇంకో ఫోటో, మధ్యలో పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగం. మనకు తెలిసిన స్పీడ్ కెమెరాతో ఉన్న చిక్కేమిటంటే, అది కనపడగానే బ్రేకు తొక్కుతాం, దాటగానే మళ్లీ యాక్సిలరేటర్ తొక్కుతాం. సగటు లెక్క ముందు ఆ ఆట సాగదు. ఈ కెమెరాలు పెట్టిన రోడ్ల మీద ప్రాణం పోయే, తీవ్రంగా గాయపడే ప్రమాదాలు 36 శాతం తగ్గాయని బ్రిటన్‌లో 2016లో ఒక అధ్యయనం తేల్చింది. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదం జరిగే అవకాశం 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. అంటే అలిపిరిలో ఆ చిన్న రసీదు చేసే పని, ఊళ్లో పెట్టిన వంద 'నిదానమే ప్రధానం' బోర్డులు చేయలేవు.

కొండ మీద రోడ్డు డ్రైవర్ మంచితనం మీద ఆధారపడదు, నా మాటంతా దీని చుట్టూనే. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1970లలో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఎదురెదురుగా ఢీకొనే సమస్యే ఉండదు. ఇదే సౌకర్యం లేని ఘాట్ ఎలా ఉంటుందో చిత్తూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో లారీ, బస్సు ఢీకొని అరడజను మందికి పైగా పోయారు. అక్కడి డ్రైవర్లు కొండ డ్రైవర్ల కంటే చెడ్డవాళ్లేమీ కాదు.

ఇక ఎలక్ట్రిక్ బస్సులు. 2022 సెప్టెంబరు నుంచి విడతలవారీగా అలిపిరి డిపోకి ఆర్టీసీ 100 బస్సులు తెచ్చింది, అందులో 50 కొండకే. వాటిని చూసినప్పుడల్లా నాకు లెక్కల సరదా పుడుతుంది. జనంతో కలిపి 12 టన్నులు అనుకుందాం, కొండకీ ఊరికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 23 యూనిట్ల కరెంటు, ఒక మామూలు ఇంటికి నాలుగైదు రోజులకు సరిపోతుంది. డీజిల్ బస్సులో ఇది బ్రేకుల్లో, ఇంజిన్‌లో వేడిగా పోతుంది. దిగేటప్పుడు వచ్చే ఆ మాడు వాసన బ్రేకుల వేడిదే, బ్రేకులు పట్టు తప్పడానికీ ఆ వేడే కారణం. ఎలక్ట్రిక్ బస్సులో మోటారే జనరేటర్ అయి అందులో కొంత తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది, బ్రేకులు చల్లగా ఉంటాయి. కాకపోతే బ్యాటరీ ముందే నిండుగా ఉంటే ఆ కరెంటు పోవడానికి చోటుండదు, అప్పుడు భారమంతా మళ్లీ మామూలు బ్రేకుల మీదే. అందుకే ఛార్జింగ్ కింద అలిపిరిలో ఉండటం నాకు భలే నచ్చింది. ఎక్కేటప్పుడు బ్యాటరీ కొంత ఖాళీ అవుతుంది, దిగేటప్పుడు వచ్చే కరెంటుకి చోటు సిద్ధంగా ఉంటుంది. కావాలనే చేశారో స్థలం దొరికింది కాబట్టి చేశారో గానీ పని మాత్రం సరైనదే.

అలాగని బ్యాటరీ పెట్టగానే మలుపు మెత్తబడదు. 2023 మేలో మొదటి ఘాట్‌లో ఒక ఎలక్ట్రిక్ బస్సు పిట్టగోడ దాటి లోయ వైపు పడింది, ప్రాణాలు దక్కాయి, గాయాలయ్యాయి. కారణం ఏదైనా, గంటకు 30 కిలోమీటర్లలో తిరగాల్సిన మలుపును 42లో తిప్పితే బండిని పక్కకు తోసే బలం దాదాపు రెట్టింపు అవుతుంది, ఇంజిన్ ఏదైనా సరే. (అదే ఏడాది సెప్టెంబరులో తిరుమలలో తిరిగే ఉచిత ఎలక్ట్రిక్ బస్సును ఎవడో ఎత్తుకుపోతే నాయుడుపేట దగ్గర దొరికింది. ఛార్జింగ్ స్టేషన్లు ఎంత తక్కువో దొంగకి కూడా తెలిసొచ్చి ఉంటుంది.)

సరే, ఇప్పుడు కిందికి దిగుదాం.

బ్యాటరీల ఊరు మనది. ఊరి పక్కన కరకంబాడిలో ఎన్నో ఏళ్లుగా బ్యాటరీలు తయారవుతున్నాయి, దేశంలోనే మొదటి లిథియం సెల్ ఫ్యాక్టరీ అని చెప్పి 2022లో తిరుపతిలోనే ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలుపెట్టారు. అంత గొప్ప ఊళ్లో నా ఎలక్ట్రిక్ స్కూటర్‌కి ఛార్జింగ్ పెట్టుకోవడానికి రెండేళ్ల పాటు మూడో అంతస్తు వంటింటి కిటికీలోంచి వైరు వేలాడదీశాను. కొర్లగుంటలో పాత అపార్ట్‌మెంట్ మాది, కింద పార్కింగ్‌లో ఒకే ఒక్క సాకెట్, అదీ వాచ్‌మన్ ఫోన్ కోసం. ఒక రోజు తెల్లారి చూస్తే ప్లగ్గు గోధుమ రంగులోకి మారి, పట్టుకుంటే మెత్తగా ఉంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే బోర్డు విప్పి నవ్వాడు. "అన్నా, మూడో రంధ్రం ఉంది గానీ దాని వెనకాల వైరే లేదు." ఎర్తింగ్ లేదన్నమాట. ఇరవై ఏళ్లుగా ఫ్రిజ్, గ్రైండర్, గీజరు అన్నీ ఆ ఉత్తుత్తి రంధ్రాన్ని నమ్ముకునే నడిచాయి.

స్కూటర్ తేడా ఏమిటంటే, గ్రైండర్‌లాగా పది నిమిషాల్లో ఆగదు. నాలుగైదు గంటలు ఏకధాటిగా కరెంటు లాగుతుంది, సాకెట్‌లో పిన్ను కాస్త వదులుగా ఉన్నా ఆ చోటే వేడెక్కుతూ పోతుంది. అదీ మనం నిద్రపోతున్నప్పుడు. చిత్తూరు పక్కనే ఉన్న వేలూరులో 2022 మార్చిలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బైకు అంటుకుని, పొగకి ఊపిరాడక తండ్రీకూతుళ్లు చనిపోయారు. ఆ ఏడాది అలాంటివి వరసగా జరిగాక కేంద్రం బ్యాటరీ పరీక్షల నిబంధనలు గట్టి చేసింది, మంచిదే. కానీ ఆ పరీక్షలు బ్యాటరీకే గానీ మన గోడలోని సాకెట్‌కి కాదు. పార్కింగ్‌లో 20 శాతం చోటు ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్‌కి వీలుగా కట్టాలని కేంద్రం 2019లోనే నమూనా భవన నిబంధనల్లో చేర్చింది. అది కొత్తగా కట్టేవాటికి. ఊళ్లో ఉన్న పాత అపార్ట్‌మెంట్ల సంగతి ఎవరికీ పట్టలేదు. మా అసోసియేషన్ మీటింగులో మీటరు దగ్గర నుంచి విడిగా 16 ఆంపియర్ల లైను, దానికి లోడు ఎక్కువైతే కరెంటు ఆపే ఒక ఎంసీబీ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ, కింద ఒక ఎర్త్ గుంత అడిగితే, "నీ ఒక్కడి స్కూటర్ కోసమా?" అన్నారు. ఇప్పుడు ఆ పార్కింగ్‌లో నాలుగు ఎలక్ట్రిక్ బండ్లున్నాయి, నాలుగు వైర్లు వేలాడుతున్నాయి. అలిపిరి డిపోలో ఒక్క ఛార్జర్‌ని ఇలా బిగించగలరా ఎవరైనా?

నీళ్ల విషయం కూడా ఇంతే. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడితే వెంటనే రోడ్డు మూసేశారు, ఐఐటీ నిపుణులు వచ్చి చూశారు, బలహీనంగా ఉన్న బండలను గుర్తించారు, మరమ్మతులు జరిగాయి. దానికి నెల పైచిలుకు ముందే, అక్టోబరులో, ఊళ్లో వెస్ట్ చర్చ్ దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో వాన నీళ్లలో యాత్రికుల బండి చిక్కుకుని, కొత్తగా పెళ్లయిన అమ్మాయి ప్రాణం పోయింది. వాళ్లది కర్ణాటక, ఇక్కడ పల్లం ఉందని వాళ్లకెలా తెలుస్తుంది? రాత్రిపూట నిలిచిన నీళ్లు రోడ్డులాగే మెరుస్తాయి. అండర్ బ్రిడ్జి అంటే ఇంజినీరింగ్ భాషలో ఎన్ని పేర్లు పెట్టినా అసలుకి ఒక గిన్నె, చుట్టుపక్కల నీళ్లన్నీ అందులోకే వస్తాయి. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారును తేల్చగలవు, రెండడుగులైతే పెద్ద బండ్లను కూడా ఈడ్చుకుపోతాయి. గోడ మీద అడుగు ఎత్తు దగ్గర ఎర్రగీత, దానికి పైన మూడు భాషల్లో 'ఆగండి', నీళ్లు ఆ గీత తాకితే దిగే ఒక అడ్డకర్ర ఉంటే చాలు. కొండ మీద చరియలు పడితే రోడ్డు మూసేయడానికి ఎవరూ వెనకాడరు, కింద గిన్నె నిండితే మూయడానికి మాత్రం ఎవరి ఆర్డరో కావాలి.

ఇక శ్రీనివాస సేతు, ఊరి మీదుగా కట్టిన పైవంతెన. గరుడ వారధి అన్నా అదే. 2023 సెప్టెంబరులో ప్రారంభించారు, దాదాపు ఏడు కిలోమీటర్లు. ముందే పోత పోసిన కాంక్రీటు సెగ్మెంట్లను క్రేన్‌తో ఎత్తి, ఒకదానికొకటి తగిలించి, లోపల ఉక్కు తీగలతో బిగించే పద్ధతి. కింద ట్రాఫిక్ పూర్తిగా ఆపకుండా కట్టొచ్చు కాబట్టి ఇరుకు ఊరికి అదే నయం. ప్రమాదం లేని పని మాత్రం కాదు, ప్రారంభానికి రెండు నెలల ముందు సెగ్మెంట్ పడి ఇద్దరు కూలీలు చనిపోయారు. పొట్ట చేత్తో పట్టుకుని ఎక్కడినుంచో వచ్చినవాళ్లు.

పైన వెళ్లేవాళ్లకి ఊరు తగలకుండా అలిపిరి వైపు వెళ్లిపోయే సుఖం దొరికింది, కాదనను. కింద? తెల్లవారుజామున బస్టాండు నుంచి ఎదురుగా యాత్రికులు దిగే శ్రీనివాసం కాంప్లెక్స్‌కి దాటే జనాన్ని ఒకసారి నిలబడి చూడండి. చేతిలో సంచి, చంకలో పిల్ల, గుండు మీద చందనం, రెండు రాత్రులు నిద్రలేని కళ్లు. వాళ్లు స్తంభం చాటు నుంచి బయటికి వచ్చేదాకా డ్రైవర్‌కి కనపడరు, వాళ్లకూ బండి కనపడదు. ఆ బండి ఎలక్ట్రిక్ ఆటో అయితే వినపడదు కూడా. యూరప్‌లో 2021 జూలై నుంచి అమ్మే ప్రతి కొత్త ఎలక్ట్రిక్ కారూ 20 కిలోమీటర్ల వేగం లోపు ఏదో ఒక చప్పుడు చేయాలని నిబంధన పెట్టింది అందుకే. 2022లో దేశం మొత్తం రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే అందులో దాదాపు ఐదోవంతు నడిచిపోయేవాళ్లు, 44 శాతానికి పైగా టూవీలర్ల మీద వాళ్లు. కార్లలో వాళ్ల కోసం కట్టే పైవంతెనల మీద ఇంత ఖర్చు పెడుతున్నాం, చస్తున్నది కింద ఉన్నవాళ్లు.

ఫుట్‌పాత్ మీద అడ్డం లేని నడక చోటు కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసిపెట్టింది. టేపు పట్టుకుని రండి, మన బస్టాండు చుట్టూ కొలుద్దాం. స్పీడ్ బ్రేకర్ అంటే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల పొడవుతో మెల్లగా ఎక్కి దిగేలా ఉండాలి. మన వీధుల్లో ఉన్నవి తారు ముద్దలు. నడుం విరుగుతుంది గానీ వేగం తగ్గదు. ఎస్వీ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, ఏర్పేడులో ఐఐటీ ఉంది. తిరుపతి వీధుల్లో ఎవరు, ఎక్కడ, ఏ టైంలో రోడ్డు దాటుతున్నారో లెక్కపెట్టమని ఆ పిల్లలకి ఒక సెమిస్టర్ పని అప్పగించడానికి కోట్లు అక్కర్లేదు.

సేతు మీద సగటు వేగం కెమెరాలు పెట్టడం మాత్రం రేపే మొదలుపెట్టొచ్చు. మధ్యలో సిగ్నళ్లు లేవు, ఇంతకంటే అనువైన రోడ్డు ఉండదు. గంటకు 50 అనుకుంటే ఏడు కిలోమీటర్లకి 8 నిమిషాల 24 సెకన్లు. మొన్న రాత్రి నా స్కూటర్ మీద ఫోన్‌లో టైం పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లాను. తొమ్మిది నిమిషాలు దాటింది. దారిలో నన్ను దాటిపోయిన కార్లను లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై దగ్గర వదిలేశాను. వాళ్లకి ఎన్ని నిమిషాలు పట్టిందో అడిగే గేటు అటు చివర లేదు.