అల్లుడి చేతిలో పానా

గేరు మార్చినప్పుడల్లా మా బండి వెనకనుంచి ఎవరో తన్నినట్టు టక్కుమంటోంది. వెనక చక్రంలో హబ్‌కీ, అంటే చక్రం నడిమి భాగానికీ, చైను తగులుకునే పళ్లచక్రం స్ప్రాకెట్‌కీ మధ్య నాలుగు రబ్బరు దిమ్మలుంటాయి. ఇంజను చైనును లాగిన కుదుపు చక్రానికి నేరుగా తగలకుండా మింగడం వాటి పని. అవి అరిగిపోయాయని మెకానిక్ తేల్చి, రేపు రమ్మన్నాడు. మెకానిక్ నోట్లో రేపు అంటే ఏమిటో నెల్లూరులో బండి ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పైగా ముందురోజు రాత్రే నేను ఫోనులో ఒక వీడియో చూసి ఉన్నాను. ఒకాయన 11 నిమిషాల్లో చక్రం విప్పి, రబ్బర్లు మార్చి, బిగించి, చేతులు కూడా కడిగేసుకున్నాడు. నేను ట్రంకు రోడ్డుకి పోయి రబ్బర్ల సెట్టు కొనుక్కొచ్చి, వరండా కిటికీలో భద్రంగా పెట్టాను.

ఆదివారం పొద్దున్నే కోవూరు నుంచి మా మామగారు దిగారు. చేతిలో సంచీ, సంచీలో కొర్రమీన్లు. ఆయన ముప్పై ఏళ్లు రైసు మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. బుద్ధున్నవాడైతే ఆ రోజుకి పని మానుకుంటాడు, లేకపోతే పానా తీసి ఆయన చేతికిస్తాడు. నేను రెండూ చెయ్యలేదు. పెళ్లయి పదేళ్లయినా, భోజనం తప్ప ఆయన ఎదుట నేను బాగా చేసిన పని ఇంకోటి లేదు మరి.

ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "మీరే చేస్తుండారా?" అన్నారు.

"చిన్న పనే మామయ్యా, అరగంట."

ముందు చైను లాక్ పట్టుకున్నాను. చిన్న చేప ఆకారంలో ఉండే ఉక్కు రేకు అది. కటింగ్ ప్లేయరుతో నొక్కేసరికి నిజం చేపలాగే ఎగిరి ఎటో పోయింది. ఇంటిల్లిపాదీ పావుగంట వెతికితే తులసి కోటలో దొరికింది. చైను ఊడదీసి గ్రీజు చేతులతో నుదురు తుడుచుకుంటూ ఉండగా మామగారు గొంతు సవరించుకున్నారు.

"మీ బండికి చైను విప్పే పని లేదే. యాక్సిల్, అదే ఇరుసు, లాగితే పళ్లచక్రం చైనుతోనే ఉండిపోతాది. చక్రం ఒకటే బయటికొస్తాది."

"ముందే చెప్పొచ్చుగా మామయ్యా!"

"మీరు చేస్తుండారు గదా అని."

తర్వాత బ్రేక్ రాడ్డు నట్టు, దాని స్ప్రింగు, దాని పిన్ను. విప్పినవి విప్పినట్టు పేపరు మీద వరసగా పేర్చి, కాపలాకి మా ఏడేళ్లవాణ్ణి కూర్చోబెట్టాను. ఇక యాక్సిల్ నట్టు. వారం వారం మైపాడు పోయి సముద్రపు గాలి తాగిన నట్టు అది. పానాకి ఇనప గొట్టం తొడిగాను, ఊపిరి బిగబట్టి తొక్కాను. కదిలింది! ఇంక ఆపలేదు, తిప్పుతూనే ఉన్నాను. ఎంత తిప్పినా నట్టు మాత్రం బయటికి రాదు. చివరికి మావాడు అటువైపు వంగి చూసి, "నాన్నా, ఈపక్క కూడా తిరగతా ఉండాది" అన్నాడు. నేనింతసేపూ తిప్పింది నట్టునీ, దాంతోపాటు యాక్సిల్ రాడ్డునీ. మామగారు ఏమీ అనకుండా లేచొచ్చి, ఇంకో పానాతో అటు తల పట్టుకుని నిలబడ్డారు. నాలుగు చుట్లలో నట్టు చేతికొచ్చింది.

రాడ్డు లాగాను. చక్రం జారింది గానీ బయటికి రాదు. పైన మడ్‌గార్డు, కింద నేల. సెంటర్ స్టాండు అరిగిపోయి, టైరుకీ నేలకీ మధ్య వేలు కూడా దూరడం లేదు. వంటగది గట్టు వేయించినప్పుడు మిగిలిన చీమకుర్తి గ్రానైటు ముక్క తెచ్చి స్టాండు కింద పెట్టాం. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే ముక్క. మా ఇంట్లో అంత దర్జా పీట ఎక్కింది ఆ బండి ఒక్కటే. అయినా చాల్లేదు. పక్కింటాయన్ని పిలిచాను. ఆయనా మామగారూ చెరోపక్క పట్టుకుని బండిని వంచారు. నేను చక్రాన్ని గట్టిగా ఒక గుంజు గుంజాను. వచ్చి నా ఒళ్లో కూర్చుంది. అదే క్షణంలో ఠంగుమని ఏదో పడి దొర్లింది.

"బుష్ పడింది, వదలొద్దు, అట్టే పట్టుకోండి!" అని అరిచి నేను బండి కిందికి దూరాను.

బ్రేక్ ప్లేటు పక్కన ఎడం కోసం వేసే ఇనప గాజు అది. అది లేకపోతే చక్రం సరిగ్గా నిలవదు. బండి కింద లేదు, చెప్పుల స్టాండు కింద లేదు, గేటు దగ్గర కాలవలో చీపురు పుల్లతో కెలికినా లేదు. ఇంతలో వంటింట్లోంచి, "ఏమండీ, పులుసులోకి మామిడికాయలు తెస్తానన్నారే! బండి మీద పోయి రాకూడదూ" అని కేక.

"ఏ చక్రం మీద పొమ్మంటావు?" అన్నాను, బోర్లా పడుకునే.

పక్కింటాయన చేతులు వణకడం మొదలైంది. చక్రం బయటికొచ్చేశాక బండిని నిలబెట్టేయొచ్చని నాకూ ఆయనకూ తట్టలేదు. మామగారికి తట్టే ఉంటుంది.

బుష్ చివరికి మావాడి బొటనవేలికి దొరికింది. కాపలా కాస్తూనే ఉంగరంలా తొడుక్కుని, ఆ చేత్తోనే నాకు టార్చి పట్టాడు! ఇప్పుడు ఊడి రాదు. వాడు ఏడుపు, వాళ్లమ్మ నా మీద అరుపు. కొబ్బరినూనె పోసి, సబ్బు రాసి, మెల్లగా తిప్పి తీసేసరికి పన్నెండు దాటింది.

ఆ టెన్షన్‌లో ఎక్కించడం మాత్రం చకచకా అయిపోయింది. హబ్‌లో దుమ్ము దులిపాను, గుడ్డపెట్టి శుభ్రంగా తుడిచాను, బ్రేక్ షూలకి ఉప్పుకాగితం రుద్దాను, చక్రం ఎక్కించాను, బుష్ దాని చోట్లో కూర్చుంది. చైను లాక్ వేస్తుంటే మామగారు ఆపారు. "చేప తల ముందుకు పోవాల, తోక ఎనక్కి. చైను పోయే దిక్కుకి మూసిన పక్క ఉండాల. లేకుంటే దోవలో ఊడి పడతాది." ఈసారి ముందే చెప్పారు. నాకు కళ్లు చెమర్చినంత పనైంది. చైను మధ్యలో వేలితో ఎత్తి చూసి, అంగుళం ఆడేలా ఆయనే సర్దారు.

కిక్కు కొట్టాను. చక్రం తిరిగింది, బ్రేకు పట్టింది. ఇంట్లోంచి పులుసు వాసన. మామిడికాయలు పక్కింటావిడ ఇచ్చిందట. వీధి చివరిదాకా ఒక రౌండు వేద్దామని విజయగర్వంతో బయల్దేరాను. సెకండు గేరు వేశాను.

టక్కుమంది.

వెనక్కి తిప్పుకుని వచ్చేసరికి మామగారు వరండాలో కిటికీ పక్కన నిలబడి ఉన్నారు. అరచేతిలో సీలు విప్పని కవరు. అందులో నాలుగు కొత్త రబ్బర్లు, నల్లగా, నిగనిగలాడుతూ.

ముందే చెప్పొచ్చుగా అని నేను అడగలేదు.

"చేపల పులుసు రేపటికైతే ఇంకా బాగుంటాది," అన్నారాయన, కవరు మళ్లీ కిటికీలో పెడుతూ. "రేపు కూడా ఉంటాలే."